ఆటల సందేహాలు: ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ గీత లోపల పడాలంటే

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, కుడిచేతి వాటం. వారానికి మూడు రోజులు సిమెంటు కోర్టులో టెన్నిస్ ఆడతాను. నా ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్, అంటే ఎడమవైపు వచ్చే బంతిని ఒక్క కుడిచేత్తోనే కొట్టే దెబ్బ, ఒకరోజు భేషుగ్గా పడుతుంది. మర్నాడు ఒక బంతి నెట్‌లోకి, ఒకటి ఎడమ గీత అవతలికి, ఇంకోటి ఫ్రేమ్‌కి తగిలి ఆకాశంలోకి. స్వింగ్ మార్చుకోవాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: స్వింగ్ జోలికి తర్వాత పోదాం. ఎడమ గీత దాటిపోతోందన్నారే, అక్కడే దొరికిపోయారు: బంతిని ఆలస్యంగా అందుకుంటున్నారు. రెండు చేతులతో కొట్టేవాళ్లకి ఆలస్యమైనా రెండో చెయ్యి ఆదుకుంటుంది. ఒంటిచేతికి ఆ వెసులుబాటు లేదు. ముందున్న పాదానికి కనీసం ఒక అడుగు ముందు బంతి రాకెట్‌కి తగలాలి. పాదం పక్కకి వచ్చేదాకా ఆగితే మోచెయ్యి ముడుచుకుంటుంది, రాకెట్ ముఖం ఎడమకే చూస్తుంటుంది. ఇక ఎంత గట్టిగా కొడితే అంత బయటికి.

పట్టు కూడా చూసుకోండి. పిడికి ఎనిమిది పలకలుంటాయి. రాకెట్ అంచు నేలవైపు ఉండేలా నిలబెడితే పైకి కనిపించేది ఒకటో పలక. చూపుడువేలు అరచేతిలో మొదలయ్యే చోటి కణుపు దానిమీద ఆనాలి. చాలామంది సర్వ్ చేసే పట్టుతోనే, అంటే రెండో పలక మీదే, బ్యాక్‌హ్యాండ్ కూడా లాగించేస్తారు. బంతిని పైనుంచి కిందికి కోసినట్టు కొట్టే స్లైస్‌కి అది చక్కగా సరిపోతుంది. బంతి ముందుకి గిర్రున తిరిగేలా కింది నుంచి పైకి కొట్టే టాప్‌స్పిన్‌కి పోతే మాత్రం రాకెట్ ముఖం పైకి తెరుచుకుంటుంది. దాన్ని మూయడానికి మణికట్టు తిప్పుతారు. ఆ తిప్పడం ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు.

పట్టు మార్చాల్సింది ఎడమచెయ్యి. రాకెట్ మెడని ఎడమచేత్తో పట్టుకుని తిప్పితే, వదులుగా ఉన్న కుడి వేళ్ల కిందకి ఒకటో పలక దానంతటదే వస్తుంది. రాకెట్‌ని వెనక్కి తీసుకెళ్లేదీ ఎడమచెయ్యే. దాంతోపాటు భుజాలు తిరిగి కుడి భుజం గడ్డం కిందికి చేరాలి. ఇదంతా బంతి మీ వైపు నేలకి తగిలేలోపే అయిపోవాలి. బంతి లేచాక తిరగడం మొదలుపెడితే బస్సు కదిలాక పరుగెత్తినట్టే.

ఫ్రేమ్ తగలడానికి కారణం వేరే. కుడిచెయ్యి ముందుకి వెళ్తున్నప్పుడు ఎడమచెయ్యి వెనక్కి చాచుకోవాలి, పక్షి రెక్కలు విప్పినట్టు. అది కూడా ముందుకి వచ్చేసిందంటే ఛాతీ నెట్‌వైపు తిరిగిపోతుంది, రాకెట్ బంతి మీదుగా అడ్డంగా కోసుకుపోతుంది. కొట్టాక రెండు అంకెలు లెక్కపెట్టేదాకా అలాగే నిలబడి చూడండి. తూలితే మీ బరువు ముందు కాలి మీద లేనట్టు. రాకెట్ తల 95 చదరపు అంగుళాల కంటే చిన్నదైతే 98 గానీ 100 గానీ వాడి చూడండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. ఫెదరర్ అంతటివాడే 2014లో 90 వదిలేసి 97కి మారాడు.

నెట్‌లో పడేవాటికి మోకాళ్లు వంచండి. రాకెట్ తల బంతికంటే కిందికి దిగి, అక్కణ్నుంచి పైకి లేవాలి. నెట్‌పైన ఒక మీటరు ఎత్తు నుంచి బంతి పోయేలా క్రాస్‌కోర్టే, అంటే ఐమూలగానే, కొట్టండి. నెట్ అంచుల్లో 107 సెంటీమీటర్లుంటే మధ్యలో 91 మాత్రమే. పైగా మూల నుంచి మూలకి కొడితే ఒక మీటరుకి పైగా చోటు ఎక్కువ దొరుకుతుంది. మూడు వారాలపాటు ముందుగా ఎడమచేత్తో బంతి జారవిడిచి 20 కొట్టండి, ఆ తర్వాత జోడీతో సగం జోరులో క్రాస్‌కోర్టు ఆడండి. వరసగా పది పడేదాకా గీత వెంబడి కొట్టే సరదా పక్కన పెట్టాలి.

ప్రశ్న: భుజం ఎత్తుకి లేచే బంతిని ఒంటిచేత్తో కొట్టలేకపోతున్నాను.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆ ఎత్తులో చేతికి బలం చాలదు, అది మీ ఒక్కరి ఇబ్బంది కాదు. నాదల్ ఎడమచేతి ఫోర్‌హ్యాండ్ ఫెదరర్ ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌ని ఏళ్లతరబడి సతాయించింది ఇక్కడే. 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో ఫెదరర్ బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) వదలకుండా, బంతి లేస్తుండగానే కొట్టి గెలిచాడు. దానికి స్వింగ్ కురచగా ఉండాలి, కాళ్లు చురుగ్గా కదలాలి. అంత తొందర కుదరకపోతే రెండు మీటర్లు వెనక్కి తగ్గి, బంతి నడుము ఎత్తుకి దిగాక కొట్టండి. రెండూ కుదరని బంతికి లోతైన స్లైస్ ఉండనే ఉంది.

ప్రశ్న: బ్యాక్‌హ్యాండ్ ఆడిన మర్నాడు మోచేతి బయటివైపు నొప్పి. కాఫీ కప్పు ఎత్తినా కలుక్కుమంటోంది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: టెన్నిస్ ఎల్బో లక్షణమే. మణికట్టు వంచి, మోచేతిని ముందుకి తోస్తూ కొడితే ఆ దెబ్బంతా మోచేతి దగ్గరి కండరం మీద పడుతుంది. పైన చెప్పిన పట్టు, అడుగు ముందు అందుకోవడం మీకూ వర్తిస్తాయి. రాకెట్‌కి పాలియెస్టర్ గట్టింగ్ (అల్లిన తీగలు) ఉంటే మెత్తటిది వేయించి, బిగువు రెండు మూడు పౌండ్లు తగ్గించమనండి. నొప్పి తగ్గేదాకా బ్యాక్‌హ్యాండ్ ఆపేయండి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే ఎముకల డాక్టరుకి చూపించండి.