పాఠకుల ప్రశ్నలు: ఐరిష్ ఫిడేలు, రాక్ గిటారు

ప్రశ్న: నేను కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. ఐర్లండులో నాట్యం కోసం పుట్టిన పాత ఫిడేలు బాణీలను రాక్ బృందాలు ఎలా మలచుకున్నాయి? అదే బాణీని వేగంగా వాయిస్తూ వెనుక డ్రమ్స్ చేర్చితే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: సరిపోదు. అలా చేసినవి మొదట హుషారుగానే ఉంటాయి గానీ కాసేపటికి విసుగు పుట్టిస్తాయి. 'రీల్' అనే రకం నాట్య బాణీలో సాధారణంగా ఎనిమిదేసి బార్ల (మన తాళావర్తాల వంటి కొలతల) భాగాలు రెండుంటాయి. ఒక్కో భాగాన్ని రెండేసి సార్లు వాయించి, ఊపిరి తీయకుండా మళ్లీ మొదటికి వస్తారు. నర్తకులకు ఆ ఎడతెగని నడకే కావాలి, కానీ రాక్ పాటలో గాయకుడికి చోటుండాలి. పైగా ఫిడేలు మీద వేళ్లు చకచకా పలికించే చిన్న చిన్న అలంకారాలు డిస్టార్షన్ (ధ్వనిని గరగరలాడించే ప్రభావం) పెట్టిన గిటారులో ముద్దయిపోతాయి.

1970లో డబ్లిన్‌లో ఏర్పడిన హార్స్‌లిప్స్ బృందం ఈ చిక్కును తెలివిగా దాటింది. 1973 నాటి 'డెరగ్ డూమ్' పాట కోసం వారు 'ఓనీల్స్ మార్చ్' అనే పాత కవాతు బాణీని తీసుకుని, దాన్ని బరువైన గిటారు రిఫ్‌గా (పదేపదే వచ్చే చిన్న స్వరవరుసగా) మార్చి, పాటనంతా దాని మీద నిలబెట్టారు. ఆ రిఫ్ ఎంతగా నాటుకుందంటే, 1990 ప్రపంచ కప్ సమయంలో ఐర్లండు ఫుట్‌బాల్ జట్టు కోసం చేసిన పాటలోనూ దాన్నే వాడుకున్నారు.

ఇక స్వరాల సంగతి మీకు సులువుగా అర్థమవుతుంది. ఈ బాణీలలో చాలావాటి స్వరస్థానాలు మన ఖరహరప్రియకో హరికాంభోజికో సరిపోతాయి (గమకాల సంగతి వేరనుకోండి). ఒంటి ఫిడేలు మీదే నిండుగా వినిపించే బాణీ కింద కార్డులను (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులను) విపరీతంగా మారిస్తే దాని స్వభావం చెడుతుంది. రాక్ గిటారిస్టులు వాడే పవర్ కార్డులో షడ్జ పంచమాలే తప్ప గాంధారం ఉండదు కనుక అది ఏ బాణీతోనూ తగవు పెట్టుకోదు.

ఫిడేలునే ముందు నిలిపే పద్ధతి కూడా ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. 'టాస్ ద ఫెదర్స్' అనే రీల్‌ను 1969లో ఇంగ్లండుకు చెందిన ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ నాలుగు బాణీల వరుసలో చివరిదిగా, డేవ్ స్వార్‌బ్రిక్ ఫిడేలుతో రికార్డు చేసింది. 1995లో ఐర్లండు బృందం ద కోర్స్ తమ తొలి ఆల్బమ్‌లో అదే రీల్‌ను వాయించింది. ముందుగా ఎవరైనా ఒంటి ఫిడేలు మీద వాయించినది విని, తర్వాత ఈ రెండింటినీ వినండి.