కొన్ని కేసులు నచ్చకపోయినా పౌరహక్కుల సంఘాలకి సపోర్ట్ ఎందుకు?

"దొంగల తరఫున, నక్సలైట్ల తరఫున మాట్లాడేవాళ్ళకి చందా ఎందుకిస్తారు" అని అడిగారు కదండీ. ఈ పౌరహక్కుల సంఘాలు పట్టుకునే కేసుల్లో కొన్ని నాకు అస్సలు నచ్చవు, అయినా ఇస్తాను. అరెస్ట్ చేసినోడిని 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ ఆర్టికల్‌లో ఉంది, దుర్మార్గుడే కదా అని వాడి విషయంలో ఆ రూలు వదిలేస్తే రేపు మన పక్కింటి కౌలురైతు విషయంలోనూ అడిగే దిక్కుండదు. 2016లో మన భీమవరం పక్కన తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వద్దన్నందుకు ఊళ్ళ మీద 144 సెక్షన్ పెట్టారు, వాళ్ళేం నేరస్తులండీ, గొంతేరు డ్రెయిన్ పాడైపోద్దని భయపడ్డ రైతులూ చేపలు పట్టుకునేవాళ్ళూ, అలాంటప్పుడు ఎవరొస్తారు చెప్పండి.

ఇంకోటి, బడిలో పిల్లలు తినే వేడన్నం వెనకాల పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం 2001లో సుప్రీంకోర్టులో వేసిన కేసుంది, ఓటింగ్ మిషన్‌లో "వీళ్ళెవరూ వద్దు" అని నొక్కే నోటా బటన్ కూడా వాళ్ళ కేసు వల్లే వచ్చింది, 2013లో.

ఆ సంఘాల్లో నచ్చనిది కనిపిస్తే మొహమాటం లేకుండా వాళ్ళనే అడగండి. హక్కుల ఉద్యమ నాయకుడు బాలగోపాల్ గారు నక్సలైట్ల హింస విషయంలో పౌరహక్కుల సంఘంతో విభేదించి బయటికొచ్చేశారు, మరికొందరితో కలిసి 1998లో మానవహక్కుల వేదిక పెట్టారు, హక్కుల పని మాత్రం చివరిదాకా ఆపలేదు.