పేరు మార్చేటప్పుడు పాత ఫైలు చెరిగిపోకుండా ఉండాలంటే

ఫొటోల పేర్లు మార్చే మీ పైథాన్ స్క్రిప్టు విండోస్‌లో ‘ఫైల్ ఎగ్జిస్ట్స్ ఎర్రర్’ అని ఆగిపోతోందనీ, లినక్స్‌లో మాత్రం చక్కగా పూర్తవుతోందనీ రాశారు. విండోస్‌లో ఆగిపోవడమే మీకు జరిగిన మేలు. అదే పేరుతో మరో ఫైలు ఉంటే, పేరు మార్చే పైథాన్ ఆదేశం ఓఎస్.రీనేమ్ విండోస్‌లో ముందుకు సాగదు. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ మాత్రం ఒక్క మాటైనా చెప్పకుండా పాతదాన్ని తీసేసి, కొత్తదాన్ని అక్కడ పెడుతుంది.

ఈ తేడా తెలియక మా అక్క పెళ్లి ఫొటోలు కొన్ని పోగొట్టుకున్నాను. రెండు కెమెరాల ఫొటోలను ఒకే ఫోల్డరులో వేసి, తీసిన తేదీనీ సమయాన్నీ సెకనుతో సహా పేరుగా పెట్టేలా స్క్రిప్టు రాశాను. తలంబ్రాల వేళ ఒకే సెకనులో నాలుగైదు ఫొటోలు పడతాయని నాకు తట్టలేదు. 1,240 ఫైళ్లలో 1,087 మిగిలాయి, పోయినవాటిలో ఎక్కువ తలంబ్రాలవే. కెమెరా కార్డులు అప్పటికే చెరిపేశాం.

ఆ పేరుతో ఫైలు ఉందో లేదో ముందు ఓఎస్.పాత్.ఎగ్జిస్ట్స్‌తో చూసుకొని తర్వాత పేరు మార్చమని చాలామంది చెబుతారు. స్క్రిప్టు ఒక్కటే నడుస్తున్నంతసేపు అది సరిపోతుంది గానీ, చూడడానికీ మార్చడానికీ నడుమ మరో ప్రోగ్రామ్ అదే పేరుతో ఫైలు పెడితే కాపాడలేదు. తనిఖీ, మార్పు రెండూ ఒకే అడుగులో జరగాలి. లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లో 3.15 వెర్షన్ నుంచి, పేరు మార్చే రీనేమ్ఎట్2 కాల్‌కు ఉన్న రీనేమ్_నోరీప్లేస్ ఫ్లాగ్ (‘ఉన్నదాన్ని చెరపకు’ అనే సూచన) ఇందుకోసమే. మ్యాక్‌లో రీనేమ్ఎక్స్_ఎన్‌పీ అదే పని చేస్తుంది. పైథాన్ నుంచి వీటిని నేరుగా పిలవలేం కాబట్టి, నేను ఓఎస్.లింక్‌తో అదే ఫైలుకు రెండో పేరుగా కొత్త పేరు తగిలించి, అది విజయవంతమైతేనే ఓఎస్.అన్‌లింక్‌తో పాత పేరు తీసేస్తాను. కొత్త పేరు అప్పటికే ఉంటే లింక్ దగ్గరే ఆగిపోతుంది. ఫోల్డర్లకూ, ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవులకూ ఈ పద్ధతి పనికిరాదు. విండోస్‌లో మీ ఓఎస్.రీనేమ్ చాలు.

తెలుగు పేర్లు పెట్టేవారికి మరో చిక్కు ఉంది. ‘కైకలూరు’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జంటగానూ రాయవచ్చు. చూపుకు ఒకేలా ఉన్నా సాధారణంగా లినక్స్ వాటిని రెండు ఫైళ్లుగా ఉంచుతుంది, మ్యాక్ ఒకే పేరుగా లెక్కిస్తుంది. అందుకే కొత్త పేర్లన్నిటినీ ముందుగా ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (ఇలాంటి జంటలను ఒకే సంకేతంగా కలిపే యూనికోడ్ రూపం), ఇంగ్లీషు అక్షరాలుంటే చిన్న బడిలోకి మార్చి, ఏ రెండూ ఒకటి కాలేదని చూసుకున్నాకే అసలు పని మొదలుపెడతాను.