పియానో నేర్చుకునే పాపకు ఇంట్లో ఏది కొనాలి?

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. వచ్చే నెల నుంచి పియానో క్లాసులకు పంపుతున్నాం. ఇంట్లో సాధనకు 61 మెట్ల (కీల) కీబోర్డు చాలని కొందరు, అసలు పియానోనే కొనాలని కొందరు అంటున్నారు. రేపు తను సంగీతాన్నే కెరీర్‌గా తీసుకుంటే, మేం ఇప్పుడు చేసే పొరపాటు అడ్డొస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం కొనమంటారు? - ఒక తల్లి

జవాబు: అమ్మా, ఏడేళ్ల పాప కెరీర్ గురించి ఇప్పుడే దిగులు వద్దు. అయితే మీ భయంలో కొంత నిజం ఉంది. మొదట్లో చేతికి పడిన అలవాటు తర్వాత ఒక పట్టాన పోదు. అందుకే కంపెనీ పేరు, లోపల ఎన్ని వందల శబ్దాలున్నాయనే లెక్క తర్వాత చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది మెట్టు వేలి మాట ఎంత బాగా వింటుందో.

పియానోలో మెట్టు నొక్కితే లోపల ఫెల్ట్ తొడిగిన చిన్న సుత్తి లేచి తీగను కొడుతుంది. నెమ్మదిగా నొక్కితే మెత్తగా, వేగంగా నొక్కితే బిగ్గరగా పలుకుతుంది. 1700 ప్రాంతంలో ఇటలీలో బార్తొలొమియో క్రిస్టోఫొరీ దీన్ని తయారు చేశాడు. ఇటాలియన్‌లో 'పియానో' అంటే మెత్తగా, 'ఫోర్తె' అంటే బిగ్గరగా. వాయిద్యానికి పేరు కూడా అలాగే వచ్చింది. మీ పాప నేర్చుకోబోయేది ఆ తేడాను వేళ్లతో పలికించడమే. చవక కీబోర్డుల్లో కొన్నింటికి ఈ తేడా తెలియనే తెలియదు, ఎలా నొక్కినా ఒకటే శబ్దం. అలాంటిదాని మీద సాధన చేసిన పిల్లలు టీచర్ దగ్గర అసలు పియానో ముందు కూర్చుంటే మెట్లు బరువనిపిస్తాయి, మణికట్టు బిగుసుకుంటుంది. "ఇంట్లో బాగానే వాయించాను, ఇక్కడ రావట్లేదు" అంటారు. దాన్ని చూసి పాపకు ఆసక్తి లేదని అనుకునే తల్లిదండ్రులను చూస్తే నాకు బాధేస్తుంది.

నా సలహా, 88 వెయిటెడ్ మెట్లున్న, అంటే అసలు పియానో మెట్లలాగే బరువుగా కదిలే మెట్లున్న డిజిటల్ (ఎలక్ట్రానిక్) పియానో. హ్యామర్ యాక్షన్ (పియానోలోని సుత్తి కదలికను పోలిన ఏర్పాటు) అని రాసి ఉందో లేదో చూడండి. షాపులో మీరే ఒక పరీక్ష చేయండి. ఒక మెట్టును చాలా చాలా నెమ్మదిగా కిందికి నొక్కండి. మంచిదైతే శబ్దం రాకపోవచ్చు, అసలు పియానోలోనూ అంతే. తర్వాత కొంచెం వేగంగా, ఇంకా వేగంగా నొక్కి చూడండి. శబ్దం కొంచెం కొంచెంగా పెరగాలి. ఎడమ చివరి మెట్లు కుడి చివరివాటికన్నా కాస్త బరువుగా ఉంటే ఇంకా మంచిది. ఇంట్లో వాల్యూమ్ మరీ తగ్గించి పెట్టకండి, వినపడక పాప మెట్లను బాదడం మొదలుపెడుతుంది.

ఊగని స్టాండు, సస్టెయిన్ పెడల్ (కాలితో నొక్కితే స్వరం ఆగకుండా మోగేలా చేసేది), కూర్చోవడానికి ఎత్తు మార్చుకునే బల్ల కూడా కొనండి. మోచేయి దాదాపు మెట్ల ఎత్తులో ఉండాలి. కాళ్లు నేలకు అందకపోతే కింద పీట వేయండి. కాళ్లు వేలాడుతుంటే నడుము నిలవదు.

సెకండ్ హ్యాండ్ అకౌస్టిక్ పియానో (తీగలు, సుత్తులు ఉన్న అసలు పియానో) ఎవరైనా ఊరికే ఇస్తామన్నా, శ్రుతి చేసే ట్యూనర్‌ను తీసుకెళ్లి చూపించకుండా ఒప్పుకోకండి. తీగలను పట్టి ఉంచే పిన్నులు వదులైతే శ్రుతి నిలవదు, రిపేరు ఖర్చు పియానో విలువకన్నా ఎక్కువైపోవచ్చు. బాగున్నదైనా ఏడాదికి ఒకటి రెండుసార్లు శ్రుతి చేయించాలి.

ఇప్పుడు అంత డబ్బు పెట్టలేకపోతే తప్పేం లేదు. టచ్ రెస్పాన్స్ ఉన్న, అంటే నొక్కే వేగాన్ని బట్టి శబ్దం మారే 61 మెట్ల కీబోర్డుతో మొదటి కొన్ని నెలలు గడపండి, లేదా డిజిటల్ పియానో అద్దెకు దొరుకుతుందేమో అడగండి.

ఇక కెరీర్ మాట. పియానో మీద తయారైన చెయ్యి తర్వాత కీబోర్డుకు సులువుగా అలవాటు పడుతుంది. కీబోర్డు నుంచి పియానోకు రావడమే కష్టం. గ్రేడ్ పరీక్షలు (స్థాయిలవారీ సంగీత పరీక్షలు) రాయించాలనుకుంటే, వాటిని నిర్వహించే ట్రినిటీ కాలేజ్ లండన్‌లో పియానోకు, ఎలక్ట్రానిక్ కీబోర్డుకు సిలబస్‌లు వేరు. పాపను దేనికి తయారు చేస్తారో కొనేముందే టీచర్‌ను అడిగి తెలుసుకోండి.