వర్చువల్‌బాక్స్‌లోని ఉబుంటు అసలు మెషీన్‌కు: మీ బాబును ఆపకండి

దేవరకొండ నుంచి ఒక తండ్రి: "మా బాబు నల్లగొండలో డిప్లొమా కంప్యూటర్స్ ఆఖరి ఏడాది. వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు సర్వర్ పెట్టి ప్రాజెక్టు చేసిండు. ఇప్పుడు దాన్ని పాత డెస్క్‌టాప్‌లకు ఎక్కిస్తనంటున్నడు. ఇది ఉద్యోగానికి పనికొస్తదా, లేక అమీర్‌పేటల కోర్సుకు పంపమంటరా?"

కోర్సు సంగతి తర్వాత. ముందు ఈ పని చేయనివ్వండి. వర్చువల్‌బాక్స్ అంటే కంప్యూటర్ లోపలే మరో ఉత్తుత్తి కంప్యూటర్‌ను (వర్చువల్ మెషీన్) నడిపే సాఫ్ట్‌వేర్; బాబు అందులో పెట్టిన ఉబుంటు ఒక రకం లినక్స్. లినక్స్ అడ్మిన్ ఇంటర్వ్యూల్లో "సర్వర్ బూట్ కావట్లేదు, ఏం చూస్తావు?" అని తరచూ అడుగుతారు. రెడ్ హ్యాట్ కంపెనీ ఇచ్చే లినక్స్ అడ్మిన్ సర్టిఫికెట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష కూడా మెషీన్‌పై చేసి చూపాల్సిందే. రీబూట్ తర్వాత నిలవని సెట్టింగుకు మార్కులు రావు.

బాబుకు ఈ వివరాలు చూపించండి. డెస్క్‌టాప్‌లో ఇంట్లోవాళ్ల ఫొటోలున్న డిస్క్ ఉంటే దాని కేబుల్ ఊడదీయాలి. డిస్క్ మీదికి నేరుగా కాపీ చేసే డీడీ కమాండ్ అక్కడున్నదాన్ని అడగకుండానే చెరిపేస్తుంది. వేరే ఖాళీ ఎస్‌ఎస్‌డీ పెట్టాలి. వర్చువల్ మెషీన్ డిస్క్‌ను దాచే వీడీఐ ఫైలు 9 జీబీయే కనిపించినా వర్చువల్ డిస్క్ 25 జీబీ అయితే, ఎస్‌ఎస్‌డీ కనీసం 25 జీబీ ఉండాలి.

చాలామంది దెబ్బతినేది స్నాప్‌షాట్ల (వర్చువల్ మెషీన్ ఒక సమయంలో ఉన్న స్థితిని దాచుకోవడం) దగ్గర. స్నాప్‌షాట్ ఉంటే అసలు వీడీఐలో పాత స్థితే ఉంటుంది, కొత్త మార్పులు వేరే ఫైలులో ఉంటాయి. ముందు ప్రస్తుత స్థితిని ఫుల్ క్లోన్ (పూర్తి నకలు) చేసి, ఆ క్లోన్‌నే వీబాక్స్‌మేనేజ్ క్లోన్‌మీడియం కమాండ్‌తో రా ఫార్మాట్‌కు (డిస్క్ ఉన్నదున్నట్టు ఉండే ఫైలు) మార్చాలి. తర్వాత డెస్క్‌టాప్‌ను లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) లేపి, డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌లో సైజు చూసి డిస్క్ పేరు రూఢి చేసుకున్నాకే డీడీ కొట్టాలి.

ఇక అసలు పాఠం బూట్‌లో, అంటే మెషీన్ లేవడంలో ఉంది. వర్చువల్‌బాక్స్ మామూలుగా పాత బయాస్ పద్ధతిలో నడుస్తుంది. డెస్క్‌టాప్ పాతదే కాబట్టి సెటప్‌లో లెగసీ మోడ్ (అదే పాత పద్ధతి) ఆన్ చేస్తే సరిపోవచ్చు. లెగసీ లేని కొత్త ల్యాప్‌టాప్ అయితే మాత్రం కొత్త బూట్ పద్ధతి ఈఎఫ్ఐ కోసం 512 ఎంబీ ఫ్యాట్32 పార్టిషన్ చేసి, లైవ్ యూఎస్‌బీ నుంచి సీహెచ్‌రూట్ కమాండ్‌తో డిస్క్‌లోని ఉబుంటులోకి వెళ్లి గ్రబ్ (లినక్స్‌ను లేపే ప్రోగ్రామ్) ఈఎఫ్ఐ ప్యాకేజీ వేయాలి.

గ్రబ్ వచ్చాక డిస్క్ దొరక్కపోతే బూట్ మొదట్లో డ్రైవర్లు అందించే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఫైలును అనుమానించాలి. ఉబుంటు దాంట్లో చాలా డ్రైవర్లు ముందే పెడుతుంది. రాకీ లినక్స్, ఫెడోరా అనే వేరే లినక్స్‌లలో ఆ ఫైలును తయారు చేసే డ్రాకట్ ఆ మెషీన్‌కు అవసరమైనవే ఉంచుతుంది. అందుకే వాటిని కదిలించే ముందు వర్చువల్ మెషీన్‌లోనే డ్రాకట్ నో-హోస్ట్‌ఓన్లీ ఆప్షన్‌తో ఆ ఫైలును మళ్లీ తయారు చేయాలి. ఏ డిస్క్ ఎక్కడ కలపాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో ఎస్‌డీఏ1 లాంటి పేరుంటే, దాని బదులు మెషీన్ మారినా మారని గుర్తు యూయూఐడీ రాయాలి.

బూటయినా నెట్ రాకపోతే కంగారు పడొద్దు. వర్చువల్‌బాక్స్‌లో ఈఎన్‌పీ0ఎస్3 అన్న నెట్‌వర్క్ కార్డు పేరు ఇక్కడ మారిపోతుంది. ఐపీ లింక్ కమాండ్‌లో కొత్త పేరు చూసి ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్ ఫైలులో దిద్దితే చాలు.

ఏ ఎర్రర్ వచ్చింది, దేనివల్ల, ఏం మార్చాడు అన్నది బాబు అప్పటికప్పుడు రాసి గిట్‌హబ్‌లో (కోడ్, నోట్సు అందరికీ కనిపించేలా పెట్టే సైటు) పెట్టాలి. రెజ్యూమెలో ఆ లింకు సర్టిఫికెట్ కన్నా ఎక్కువ మాట్లాడుతుంది. తర్వాత ఇదే పని రెడ్ హ్యాట్ లినక్స్ లాంటిదే అయిన రాకీ లినక్స్‌తో చేస్తే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏకు దారి పడుతుంది.

కోర్సులో చేర్చాల్సి వస్తే ఫీజు కట్టే ముందు ఒక్కటి అడగండి: ప్రతి విద్యార్థికీ చెడగొట్టి బాగుచేసుకునే మెషీన్ ఇస్తారా, ప్రొజెక్టర్ మీద చూపించి వదిలేస్తారా? రెండోదైతే కట్టకండి.