స్మార్ట్ మీటర్లు వస్తున్నాయని ఎఫ్‌డీ మొత్తం తీసి షేర్లలో పెట్టేయొచ్చా?

ప్రశ్న: మాది చిన్న జిరాక్స్ షాపు అండి. ఈమధ్యే షాపుకి స్మార్ట్ మీటర్ బిగించారు. మా బావమరిది ఆ పనుల్లోనే ఉన్నాడు, ఇక దేశమంతా ఇవే బావా, ఆ కంపెనీల షేర్లు కొనెయ్ అంటున్నాడు. 7 లక్షల ఎఫ్‌డీ ఉంది. రెండేళ్లలో అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరాలి. ఇంటికీ షాపుకీ కలిపి నెలకి 40 వేలు ఖర్చు. మొత్తం పెట్టేయమంటారా?

జవాబు: మొత్తం వద్దండి, అసలు ఆ ఎఫ్‌డీలో ఎక్కువ భాగం ముట్టుకోకండి.

మీ బావమరిది చెప్పేదాంట్లో నిజముంది. కరెంటు పంపిణీని బాగుచేయడానికి 2021లో కేంద్రం తెచ్చిన ఆర్‌డీఎస్ఎస్ స్కీములో 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలని లక్ష్యం పెట్టుకున్నారు, కార్లకి ఫాస్టాగ్ వచ్చేసింది, బస్సులకి ట్రాకింగ్ డివైజులు వచ్చాయి, ఇదంతా ఇంకా పెరిగేదే. కానీ డివైజులు పెరగడం వేరు, వాటిని చేసే కంపెనీలో వాటా ఉన్నవాడికి డబ్బు రావడం వేరు, చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు.

మొబైల్ సంగతే చూడండి. 2016లో జియో వచ్చాక మన దేశంలో డేటా వాడకం ఎవరూ ఊహించనంత పెరిగింది కదా, మరి 2018లో ఎయిర్‌సెల్, ఆ తర్వాతి ఏడాది రిలయన్స్ కమ్యూనికేషన్స్ దివాలా ప్రక్రియలోకి వెళ్లాయి, వొడాఫోన్ ఐడియా అయితే బాకీల బదులు ప్రభుత్వానికే వాటా ఇవ్వాల్సొచ్చింది. వాడకం పెరిగింది, లాభం మాత్రం పోటీలో కరిగిపోయింది. స్మార్ట్ వాచీలదీ అదే తీరు, ధరలు తగ్గించుకుంటూ పోయారు, 2024కి వచ్చేసరికి అమ్మకాలే పడిపోయాయి.

ఇప్పుడు మీ షాపు గోడ మీదున్న ఆ మీటరు దగ్గరికే వద్దాం. చాలా చోట్ల దాన్ని డిస్కం, అంటే మీకు కరెంటు సరఫరా చేసే పంపిణీ సంస్థ, ఒకేసారి డబ్బిచ్చి కొనదు. కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ తన డబ్బుతో, ఎక్కువగా అప్పు తెచ్చి, మీటరు కొని బిగించి, సిమ్మూ సాఫ్ట్‌వేరూ పెట్టి ఏళ్ల తరబడి నడపాలి, డిస్కం ఒక్కో మీటరుకి నెలకింత అని కడుతూ పోతుంది. అంటే ఖర్చు ఇవాళ, రాబడి కొన్నేళ్లకి. బిగింపు లేటయినా, జనం మీటర్లు వద్దన్నా, డిస్కం కట్టడం ఆలస్యం చేసినా వడ్డీ మాత్రం ఆగదు. స్కీము మొదట్లో 2025-26 వరకే అన్నారు, లక్ష్యానికి ఇంకా చాలా దూరంలో ఉన్నాం. అందుకే ఇన్ని వేల కోట్ల ఆర్డర్లొచ్చాయి అనే వార్త చూసి కొనకండి. యాన్యువల్ రిపోర్టులో అప్పు ఎంత, రావాల్సిన బాకీలు ఏటేటా పెరుగుతున్నాయా, వ్యాపారం నుంచి నిజంగా చేతికొచ్చిన క్యాష్ ఎంత, ఈ మూడూ చూడండి. ఇవి మీ బావమరిదికి కూడా తెలియకపోవచ్చు, పాపం అతను చూసేది మీటర్ల లోడు వస్తుందా లేదా అన్నంతవరకే.

ఇక మీ 7 లక్షలు. షాపు ఆదాయం నెలనెలా ఒకేలా ఉండదు కాబట్టి ఆరు నెలల ఖర్చు 2.4 లక్షలు ఎఫ్‌డీలోనే ఉండాలి. అమ్మాయి ఫీజుకి 2.5 లక్షలు అనుకుందాం, అది రెండేళ్లలో కావాల్సిన డబ్బు, షేర్ల జోలికి అస్సలు తీసుకెళ్లకండి, సరిగ్గా ఫీజు కట్టే నెలలో మార్కెట్ పడితే ఏం చేస్తారు చెప్పండి. మిగిలేది 2.1 లక్షలు. అందులో 1.7 లక్షలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో, అంటే నిఫ్టీలోని 50 పెద్ద కంపెనీల షేర్లు అన్నీ కలిపి కొనే మ్యూచువల్ ఫండ్‌లో, నెలనెలా కొంచెం కొంచెంగా వేసుకోండి, ఎయిర్‌టెల్ లాంటివి అందులో ఎలాగూ ఉంటాయి, ఇలా నెట్‌వర్క్‌కి కలిసి పనిచేసే డివైజుల పెరుగుదలలో కొంత వాటా మీకు అలాగే దొరుకుతుంది. మనసు ఒప్పుకోకపోతే మిగతా 40 వేలు మాత్రం బావమరిది చెప్పిన రంగంలో పెట్టుకోండి, అదీ కనీసం ఐదారేళ్లు కదపనంటేనే. థీమాటిక్ ఫండ్, అంటే ఒకే రంగం లేదా థీమ్ షేర్లు కొనే మ్యూచువల్ ఫండ్, తీసుకుంటే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రూల్ ప్రకారం కనీసం 80 శాతం ఆ ఒక్క థీమ్‌లోనే ఉంటుంది, పడితే అంతా కలిసే పడుతుంది, అది తెలిసే దిగండి. ఏడాది లోపు అమ్మితే లాభం మీద 20 శాతం టాక్స్, ఆపైన అయితే ఏడాదికి 1.25 లక్షల లాభం దాటిన దాని మీద 12.5 శాతం.

ఎఫ్‌డీ ఒకటే బాండుగా ఉంటే ఇప్పుడే విరగ్గొట్టకండి, మధ్యలో తీస్తే సాధారణంగా వడ్డీ కోస్తారు. మెచ్యూరిటీ దగ్గర్లోనే ఉంటే అప్పటిదాకా ఆగి, రెన్యూవల్ చేసేటప్పుడు ఈ లెక్క ప్రకారం విడివిడిగా మూడు భాగాలు చేయించుకోండి, ఫీజుది మాత్రం అడ్మిషన్ టైముకి ఒక నెల ముందే చేతికొచ్చేలా పెట్టండి.