పంపరపనస చుట్టం

అమ్మాయ్,

నీ వ్యాసం మంగళవారం అందింది. అమెరికన్ నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్ మీద తెలుగులో పధ్నాలుగు పేజీలు రాసే ఓపిక ఎవరికైనా ఉన్నందుకు సంతోషం. ఇక తిట్లు.

'గంభీరమైన కంఠం' అని పదకొండు చోట్ల రాశావు. పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. ఇవి కాక రెండు మేఘగర్జనలు, ఒక సింహగర్జన. 1994లో కార్టూన్ సింహానికి గొంతిచ్చాడు కాబట్టి ఆ చివరిది క్షమించాను. మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం కాగితాలు బల్ల మీద పడేసి, వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసి వచ్చాను. "చిన్నతనంలో నత్తితో బాధపడిన జేమ్స్ పట్టుదలతో దాన్ని జయించాడు" అట! ఎనిమిదేళ్ళకి ఏడు మాటలు.

ఆ ఎనిమిదేళ్ళూ ఆ పిల్లవాడు దాదాపు మూగవాడు. 1931లో మిసిసిపిలో అర్కబుట్ల అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఇంట్లో లేడు. అమ్మమ్మా తాతా పెంచి, ఐదేళ్ళప్పుడు మిషిగన్‌లో ఒక పొలానికి తీసుకెళ్ళారు. అక్కడ నత్తి పట్టుకుంది. మనుషుల ముందు నోరు విప్పడం మానేశాడు. పొలంలో పశువులతో మాత్రం మాట్లాడేవాడు. అవి నవ్వవు కదా.

హైస్కూల్లో డొనాల్డ్ క్రౌచ్ అనే ఇంగ్లీషు మాస్టారు, ఈ కుర్రాడు కవిత్వం రాస్తున్నాడని కనిపెట్టాడు. గ్రేప్‌ఫ్రూట్ మీద రాసిన కవిత అది. ఇంత బాగుందంటే ఎక్కడినుంచో ఎత్తి రాసి ఉంటావు, నీదే అయితే క్లాసులో చూడకుండా చెప్పు అన్నాడు. కుర్రాడు లేచి చెప్పాడు. మాట ఎక్కడా తడబడలేదు.

నువ్వు మాస్టారి పేరు రాశావు, పండు వదిలేశావు. ఎందుకమ్మా? పంపరపనసకి చుట్టమైన ఆ పండు మీద కవిత రాసే పిల్లవాడు నాకు కళ్ళకి కడుతున్నాడు. 'పట్టుదల' కట్టదు. పట్టుదల ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు.

పైగా జయించలేదు కూడా. నత్తి చివరిదాకా ఉందని ఆయనే చెప్పుకున్నాడు. తడబడతానని తెలిసిన చోట వేరే మాట వాడి తప్పించుకునేవాడు. నాటకంలో ఆ సౌకర్యం లేదు, రచయిత రాసిన మాటే అనాలి. 1958లో న్యూయార్క్ కోర్ట్ థియేటర్‌లో, అంటే అక్కడి పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో తొలి రోజుల్లో, బట్లర్ వేషం వేశాడు. భోజనం సిద్ధమని మిసెస్ రూజ్‌వెల్ట్ పాత్రతో చెప్పాలి. ఆ 'మి' దగ్గర గొంతు పట్టేసింది. 2022లో ఆ థియేటర్‌కే జేమ్స్ ఎర్ల్ జోన్స్ పేరు పెట్టారు. పేరు పెట్టిన సంగతి నీ పన్నెండో పేజీలో ఉంది. బట్లర్ ఎక్కడా లేడు. రెండూ పక్కపక్కన పెట్టి చేతులు కట్టుకు కూర్చోవాల్సింది.

నా ఇరవయ్యారో ఏట తెనాలి దగ్గర ఒక పద్యనాటక నటుడి మీద వ్యాసం రాసి, మురిసిపోతూ ఆయనకే చదివి వినిపించాను. ఆయన చుట్ట ఆర్పి, "రాగాలన్నీ రాశావు నాయనా, ఊపిరెక్కడ తీసుకుంటానో రాయలేదేం?" అన్నాడు. సీసపద్యం మధ్యలో కిరీటం సర్దుకుంటున్నట్టు చెయ్యెత్తి, ఆ మిషతో ఊపిరి పీల్చేవాడట. ఆ ముక్క చేర్చి మళ్ళీ రాశాను. పత్రిక ఎడిటర్ సరిగ్గా ఆ పేరానే కోసి, ఖాళీలో తలనొప్పి మాత్రల ప్రకటన వేశాడు. నలభై రెండేళ్ళయింది. ఆ మాత్ర నేనిప్పటికీ వేసుకోను. ఇప్పటి ఎడిటర్లు ఇంకా నయం, పేరాలు కొయ్యరు, 'మీకు తెలియని పది నిజాలు' అని ముక్కలు చేసి వేస్తారు. నీ వ్యాసం చివర కూడా అలాంటి జాబితా ఒకటి తగిలించావు. పీకెయ్.

1977 నాటి 'స్టార్ వార్స్' సినిమాలో ముసుగు విలన్ డార్త్ వేడర్ సంగతి. ఒంటి మీద వేషం డేవిడ్ ప్రౌజ్‌ది, గొంతు ఈయనది, ముట్టింది ఏడు వేల డాలర్లు. టైటిల్స్‌లో పేరు వద్దన్నాడు. నువ్వు దాన్ని 'వినయం' అన్నావు. ఆయన లెక్కలో ఆ గొంతు కూడా స్పెషల్ ఎఫెక్ట్స్‌లో భాగం. ఆ మాట రాసి వదిలెయ్, మిగతాది చదివేవాళ్ళు చూసుకుంటారు. డబ్బింగ్ బొమ్మలు చూసి పెరిగినవాళ్ళం, ఒకరి పెదవులకి ఇంకొకరి గొంతంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అవార్డులకి నాలుగు పేజీలు ఎక్కువ. నాటకాలకిచ్చే టోనీలు 1969, 1987లో, 2011 గౌరవ ఆస్కార్, ఒక్క పేరా చాలు. మిగిలిన చోటంతా తండ్రికి ఇవ్వు. రాబర్ట్ ఎర్ల్ జోన్స్ కుస్తీ కాదు, బాక్సింగ్ చేసినవాడు (నీ వ్యాసంలో కుస్తీ అని పడింది, దిద్దు). బాక్సింగ్ ఛాంపియన్ జో లూయిస్‌కి ప్రాక్టీసులో ఎదురు నిలబడ్డవాడు, తర్వాత నటుడయ్యాడు. కొడుక్కి ఆ తండ్రి పరిచయమైంది పెద్దయ్యాకే. ఆ కొడుకు 1968లో బ్రాడ్‌వే మీద వేసి మొదటి టోనీ తెచ్చుకున్న వేషం ఏమిటి? నల్లజాతి బాక్సర్ జాక్ జాన్సన్ నమూనాగా రాసిన పాత్ర! నువ్వు తండ్రి వృత్తి రెండో పేజీలో, ఈ వేషం తొమ్మిదో పేజీలో రాశావు. మధ్యలో ఆరు పేజీల మేఘగర్జన. వాటిని దగ్గరికి జరుపు. ఆ ఇద్దరి మనసుల్లో ఏముందో మాత్రం ఊహించి రాయకు. అది నీకూ తెలీదు, నాకూ తెలీదు.

న్యూయార్క్‌లో నేలలు శుభ్రం చేస్తూ పొట్టపోసుకున్న రోజుల పేరా బాగుంది.

కలం పేరు గురించీ ఇంకేవో రెండు సంగతుల గురించీ అడిగావు. ముందు వ్యాసం తేలనీ. తిరగరాసి పోస్టులోనే పంపు, ఫోన్‌లో నేను చదవలేను. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండేట్టు చూడు.